అద్దెలో ఇంటి వంతు



ఈ నెల మన శీర్షికలో అద్దె ఇండ్ల సంగతి మాట్లాడుకుందాము. అద్దెలంటే పెద్ద భవంతులున్న షావుకార్ల వ్యవహారమని, మనకెందుకని పేజీ త్రిప్పవద్దు. మన సంఘములలోనే ఇల్లు అద్దెకిచ్చేవారు చాలామంది ఉన్నారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు చేతికందిన డబ్బుతో బందరులో తన ఇంటిపైన ఒక పోర్షను వేస్తాడు. పిల్లల చదువుకని దివిసీమ నుండి గుడివాడ వచ్చి ఇల్లు కట్టుకున్న కుటుంబం, పిల్లలు ఎదిగి వెళ్ళిపోయాక ముందు గదులు అద్దెకిస్తుంది. భర్తను పోగొట్టుకున్న సహోదరికి నెలనెలా వచ్చే ఆ అద్దెతోనే బియ్యము, మందులు. వీరెవరూ షావుకార్లు కారు. ఒకటి రెండు పోర్షన్లు ఉన్న సామాన్య విశ్వాసులు.

ఇప్పుడు ఈ విషయం ఎత్తడానికి మరొక కారణం కూడ ఉంది. బందరులో 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అదే సంవత్సరం మే నెలలో ఓడరేవు పనులు మొదలయ్యాయి. ఊరు పెరుగుతుంది, అద్దెలు పెరుగుతాయి అనే ఆశతో, ఉన్న డబ్బుకు అప్పు కలిపి ఇల్లు వేయాలని ఆలోచించేవారు మనలో లేకపోలేదు. ఆశ తప్పు కాదు. అయితే ఇల్లు కట్టడం ఒక పని, కట్టిన ఇంటిని అద్దెకిచ్చి నిలబెట్టుకోవడం ముప్పై నలభై ఏండ్ల పని.

ఈ పనిలో మొదట నేర్చుకోవలసినది ఒకటే. చేతికి వచ్చిన అద్దె అంతా యజమాని సొమ్ము కాదు. అందులో ఇంటికి ఒక వంతు ఉంది. వడ్లు ఇంటికి రాగానే రైతు విత్తనాలు విడిగా తీసిపెడతాడు. ఎంత ఇబ్బంది వచ్చినా విత్తనపు వడ్లు దంపుకొని తినడు. విశ్వాసి దశమభాగము ముందు తీసిపెట్టి, తరువాత ఖర్చు వ్రాసుకుంటాడు. అద్దె విషయములో కూడ అంతే. ఇంటి వంతు ముందు తీయాలి, మిగిలినది మనది.

లెక్క వేసి చూడండి

ఉదాహరణకు, 12 లక్షలు ఖర్చుపెట్టి కట్టిన పోర్షనుకు నెలకు 6,000 రూపాయల అద్దె వస్తోందనుకుందాము. సంవత్సరానికి 72,000. పైకి బాగానే ఉంది. కాని అద్దెకున్నవారు మారేటప్పుడు ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే 6,000 పోయినట్లే. ఇంటిపన్ను, నీటిపన్ను కలిసి 4,000 అనుకుందాము. సున్నము, రంగు 7,000. మోటారు, కుళాయిలు, వైరింగు రిపేర్లు 5,000. మొత్తం 22,000. అంటే మిగిలేది 50,000. పెట్టిన 12 లక్షలకు ఇది సంవత్సరానికి నూటికి నాలుగు రూపాయల చిల్లర.

అదే 12 లక్షలు ఊరిలో నూటికి రూపాయి వడ్డీకి తెచ్చి ఉంటే, సంవత్సరానికి వడ్డీ ఒక్కటే 1,44,000 రూపాయలు. వచ్చే అద్దె అంతా కట్టినా వడ్డీలో సగమే తీరుతుంది. అసలు అలాగే ఉంటుంది. కాబట్టి అప్పు మీద అద్దె ఇల్లు కట్టేవారు ఈ లెక్క కుటుంబమంతా కూర్చొని కాగితం మీద వేసుకోవాలి. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో మనకు తెలిసినదే.

పై లెక్కలో ఇంటికి పోయినది సుమారు నూటికి 30 వంతులు. ఆదాయపు పన్ను చట్టం కూడ దాదాపు ఇదే మాట చెప్తుంది. వచ్చిన అద్దెలో మునిసిపల్ పన్ను తీసివేయగా మిగిలిన దానిలో నూటికి 30 వంతులు మినహాయించి, తక్కినదే ఇంటి మీద ఆదాయముగా లెక్కిస్తుంది. యజమాని నిజముగా ఖర్చు పెట్టాడా లేదా అని అడగదు. ప్రభుత్వం అడగకపోయినా దేవుడు అడుగుతాడు. ఆ వంతు ఇంటికి చేరిందా, లేక మన భోజనపు బల్లకు చేరిందా?

లండనులో ఒక స్త్రీ చేసిన పని

ఈ పద్ధతి కొత్తది కాదు. ఇంగ్లండులో ఆక్టేవియా హిల్ అనే విశ్వాసురాలు దీనిని చేసి చూపించింది. 1865లో జాన్ రస్కిన్ అనే ప్రసిద్ధ రచయిత లండను నగరములో పారడైజ్ ప్లేస్ అనే చోట మూడు ఇండ్లు కొని ఆమె చేతికి అప్పగించాడు. పేరుకు పరదైసే గాని, అవి బీదలు క్రిక్కిరిసి ఉండే మురికి కొంపలు. పెట్టుబడికి సంవత్సరానికి నూటికి 5 వంతులు రావాలని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. అంతకంటె ఎక్కువ ఆశించలేదు.

ఆమె ప్రతి వారం స్వయముగా వెళ్ళి అద్దె వసూలు చేసేది. బకాయి పడనిచ్చేది కాదు. అయితే ప్రతి ఇంటికి మరమ్మత్తుల కొరకు కొంత డబ్బు విడిగా ఉంచింది. పగిలినవి, విరిగినవి బాగుచేయించిన తరువాత ఆ డబ్బులో ఏమైనా మిగిలితే, ఆ ఇంటికి ఏమి చేయించాలో చెప్పే హక్కు అందులో ఉన్నవారికే ఇచ్చింది. అప్పటినుండి వారు కిటికీలు, తలుపులు పాడుచేయడం తగ్గించారు. ఇల్లు జాగ్రత్తగా వాడుకుంటే మిగిలే డబ్బు తమ సౌకర్యానికే ఖర్చవుతుందని వారికి అర్థమైంది. ఆమె 1912లో మరణించే నాటికి ఎన్నో ఇండ్లు ఆ పద్ధతిలో నడిచాయి. కనికరము, ఖచ్చితమైన లెక్క రెండూ ఒకే చేతిలో ఉండవచ్చునని ఆమె జీవితం చూపుతోంది.

చెమ్మ పట్టిన గోడ

మన ప్రాంతములో ఇంటికి పెద్ద శత్రువులు చెమ్మ, ఉప్పుగాలి. బందరులోను, కోడూరు, నాగాయలంక వైపున భూమిలో నీరు పైననే ఉంటుంది, అందులో ఉప్పు ఉంటుంది. వత్తి నూనెను పీల్చినట్లు ఇటుకగోడ ఆ నీటిని పైకి పీలుస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు గోడలో గడ్డకట్టి ప్లాస్టరింగును బయటకు నెడుతుంది. అందుకే నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున గోడ పొడిపొడిగా రాలిపోతుంది. స్లాబులోకి చెమ్మ, ఉప్పు చేరితే ఇనుప ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకు కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడి పడతాయి. క్రింద ఉయ్యాలలో పసిబిడ్డ ఉండవచ్చును.

అద్దెకున్నవారు మారేటప్పుడు చాలామంది చేసేదేమిటి? రాలిన చోట పుట్టీ పూసి, మీద రంగు వేసి, టు లెట్ బోర్డు పెడతారు. ఆరు నెలలకు మళ్ళీ రాలుతుంది. ఆ తప్పు అద్దెకున్నవారిదని అడ్వాన్సులో కోస్తారు. లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడలకు పట్టిన పొడను గురించి దేవుడిచ్చిన విధి చదవండి. మొదట ఇంటి యజమాని తానే వెళ్ళి యాజకునికి ఆ సంగతి తెలియజేయాలి. దాచకూడదు. యాజకుడు వచ్చి చూచి, ఏడు దినములు ఇల్లు మూసి, పొడ వ్యాపిస్తే ఆ రాళ్ళు ఊడదీయించి, ఇల్లంతా లోపల గీయించి, వేరే రాళ్ళు పెట్టి, వేరే అడుసు పూయించాలి. పైపూత వేయడం అక్కడ ఎక్కడా లేదు.

మన మేస్త్రీలు చెప్పే పద్ధతి కూడ అదే. చెమ్మ గీతకు ఒక అడుగు పై వరకు పాత ప్లాస్టరింగు ఇటుక కనబడేదాకా కొట్టివేయాలి. ఇటుకల మీది ఉప్పును బ్రష్షుతో దులిపి, గోడను బాగా ఆరనివ్వాలి. నీరు పీల్చని మందు కలిపిన సిమెంటుతో తిరిగి పూయాలి. గోడ ప్రక్కన వాననీరు, వాడుకనీరు నిలువకుండ వాలు చేయాలి. స్లాబు పెచ్చులు ఊడితే వదులుగా ఉన్నదంతా కొట్టి, ఊచల తుప్పు గీకి, తుప్పు ఆపే మందు పూసిన తరువాతే మూయాలి. కొత్తగా కట్టేవారు పునాదిపైన, గోడ లేచే ముందు, చెమ్మ ఆపే పొర మానవద్దు. చవుకగా వస్తుందని సముద్రపు ఇసుక వాడవద్దు. అందులోని ఉప్పు ఊచలను తినివేస్తుంది.

పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22:8లో, కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు చుట్టు పిట్టగోడ కట్టించాలని, లేకపోతే ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తదోషము ఇంటిమీదికి వస్తుందని ఆజ్ఞ ఉంది. ఇశ్రాయేలీయుల ఇండ్లు కూడ మన డాబాల వంటివే. పైకప్పు మీద పని చేసుకునేవారు, పడుకునేవారు. మనము కూడ డాబా మీద వడియాలు పెట్టుకుంటాము, బట్టలు ఆరవేస్తాము. పిల్లలు గాలిపటాలు ఎగురవేస్తారు. డబ్బు చాలలేదని పిట్టగోడ కట్టకుండ, మెట్లకు రెయిలింగు లేకుండ పై పోర్షను అద్దెకిచ్చిన ఇండ్లు ఇప్పటికీ కనబడుతున్నాయి.

ఈ ఆజ్ఞ పిట్టగోడతో ఆగదు. ఎర్తు లేని మోటారు, తడిగోడలో ఉన్న స్విచ్చి, పగిలిన సెప్టిక్ ట్యాంకు మూత, ఇవన్నీ పిట్టగోడ లేని డాబాలే. షాకు కొట్టగానే కరెంటు ఆపివేసే బ్రేకరు ఇప్పుడు ఎలక్ట్రికల్ దుకాణాలలో దొరుకుతుంది. దానికయ్యే ఖర్చు ఒక ప్రాణముతో పోల్చదగినది కాదు.

మన సీమలో ఇంటి పైకప్పు అంటే ప్రాణమే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు, చుట్టుప్రక్కల గ్రామాలలో సుమారు 30 వేలమంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమలో గ్రామాలకు గ్రామాలే తుడిచిపెట్టుకొని పోయినవి. ఆ తరువాత తీరగ్రామాలలో ఎన్నో పక్కా ఇండ్లు, తుపాను షెల్టర్లు లేచాయి. 2024 సెప్టెంబరు మొదటి వారములో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి లంక గ్రామాలను ముంచింది. కనుక దసరా సెలవులు వచ్చేసరికి యజమాని ఒకసారి డాబా ఎక్కి చూడాలి. నీటి గొట్టాలలో ఆకులు తీయించాలి. వదులైన రేకులు బిగించాలి. ఇంటి మీదికి వాలిన కొమ్మలు కొట్టించాలి.

కాగితం మీద మాట

మనవారు చాలామంది నోటిమాట మీదనే ఇల్లు ఇస్తారు. తరువాత తగాదా వచ్చినప్పుడు ఇద్దరికీ ఏమీ జ్ఞాపకం ఉండదు. 2017లో ఆంధ్రప్రదేశ్ కొత్త అద్దె చట్టం చేసింది. అద్దె ఒప్పందం వ్రాతపూర్వకముగా ఉండాలన్నది అందులో ముఖ్యమైన విషయం. అద్దె ఎంత, ఏ తేదీకి ఇవ్వాలి, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, కరెంటు, నీరు ఎవరు కట్టాలి, ఇవన్నీ వ్రాయండి. రిజిస్ట్రేషను సంగతి సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో అడగండి. ప్రతి నెలా రశీదు ఇవ్వండి. ఇల్లు అప్పగించే రోజున గోడలు, తలుపులు, కుళాయిలు ఎలా ఉన్నాయో ఇద్దరూ కలిసి చూచి కాగితం మీద పెట్టండి.

కేంద్ర ప్రభుత్వం 2021లో రాష్ట్రాలకు ఒక నమూనా అద్దె చట్టం పంపింది. అందులో కొన్ని మాటలు మనము మన ఇష్టముతోనే పాటించవచ్చును. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. కట్టడపు మరమ్మత్తులు, గోడలకు సున్నము, తలుపుల రంగు, పైపులు, వైరింగు యజమాని పని. కుళాయి వాషర్లు, మురుగు శుభ్రము, స్విచ్చుల రిపేరు అద్దెకున్నవారి పని. ఇల్లు చూడడానికి రావాలంటే యజమాని 24 గంటల ముందు తెలియజేయాలి. తగాదా ఉన్నా నీరు, కరెంటు ఆపకూడదు.

ఇల్లు నాదే గదా, నేను ఎప్పుడు వస్తే నీకేమి అంటారు కొందరు. ద్వితీయోపదేశకాండము 24:10–11 చూడండి. అప్పిచ్చినవాడు కుదువ తీసుకోవడానికి అప్పున్నవాని ఇంటిలోనికి వెళ్ళకూడదు, బయటనే నిలువాలి. బీదవాని గడపకు దేవుడు అంత గౌరవం ఇచ్చాడు. అద్దెకిచ్చిన తరువాత ఆ గడప వారిది. తలుపు తట్టి, పిలిస్తేనే లోపలికి వెళ్ళాలి.

గుమ్మములో అడిగే ప్రశ్న

ఇల్లు చూడడానికి వచ్చినవారిని "మీరేమిట్లు?" అని అడగడం మన పట్టణాలలో మామూలు. ఈ పత్రిక చదివేవారిలో అనేకులు ఆ ప్రశ్న దగ్గరనే మెట్లు దిగి వచ్చినవారు, లేదా వారి బిడ్డలు. ఊరు చివర పల్లె నుండి చదువుకొని, ఉద్యోగం సంపాదించి, జీతం రాళ్ళు చేతిలో ఉన్నా, బందరులోను గుడివాడలోను వీధులన్నీ తిరిగి ఇల్లు దొరకని రోజులు మన పెద్దలకు తెలుసు. ఈ రోజు దేవుడు మనలను యజమానులను చేశాడు. ఇప్పుడు మన గుమ్మములో మనమే అదే ప్రశ్న అడిగితే, లేక ముస్లిము కుటుంబమని, ఒంటరి స్త్రీ అని వెనుకకు పంపితే, మనము నేర్చుకున్నదేమిటి? అద్దె ఇవ్వగలరా, ఇల్లు శుభ్రముగా ఉంచగలరా, ఎంతమంది ఉంటారు, ఇవి అడగండి. యజమానికి ఆ హక్కు ఉంది. అంతకు మించినది అవసరం లేదు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. అద్దెకున్న ఇంటిలో ఎవరికైనా జబ్బు ముదిరితే, "ఇక్కడ ఏమైనా జరిగితే ఇంటికి మంచిది కాదు, ఎక్కడికైనా తీసుకొనిపోండి" అని చెప్పే యజమానులున్నారు. ఆసుపత్రిలో చనిపోయిన మనిషిని ఇంటికి తీసుకురానివ్వక, వీధిలో చెట్టుక్రింద, వానలో టార్పాలిను క్రింద పెట్టుకున్న కుటుంబములున్నాయి. ఇతరుల నమ్మకాల సంగతి విడిచిపెట్టండి. పునరుత్థానమును నమ్మే మనకు శవమును చూచి ఇంటికి కీడు వస్తుందనే భయం ఎక్కడిది? ప్రతి ఆదివారము ఆ నిరీక్షణను ఒప్పుకొని, సోమవారం ఆ గుమ్మానికి తాళం వేస్తే మన ఒప్పుకోలుకు విలువ లేదు. క్రైస్తవ యజమాని ఇంటిలో అద్దెకున్నవారు కనీసం ఈ ఒక్క విషయములో నిశ్చింతగా ఉండాలి. ఆ మాట ఇల్లు ఇచ్చే రోజునే వారితో చెప్పండి.

అద్దె ఆగినప్పుడు

మంచివారికి కూడ ఒక నెల అద్దె ఆగవచ్చును. అప్పుడు రెండు తప్పులు జరుగుతాయి. కొందరు మొదటి వారములోనే నలుగురిలో కేకలు వేస్తారు. కొందరు మొహమాటముతో ఆరు నెలలు ఊరుకుంటారు, తరువాత ఒక్కసారిగా సామాను బయట పెట్టమంటారు. రెండవది కనికరములాగ కనబడుతుంది గాని, అప్పటికి ఆ కుటుంబము తీర్చలేనంత బాకీ పెరిగిపోయి ఉంటుంది. మొదటి నెలలోనే, పిల్లలు లేని సమయములో, కూర్చుండి మాట్లాడండి. ఉద్యోగం పోయిందా, జబ్బు చేసిందా, లేక నిర్లక్ష్యమా తెలుసుకోండి. ఇబ్బంది నిజమైతే నెలకింతని కట్టేలాగ వ్రాసుకోండి. నిర్లక్ష్యమైతే గడువు పెట్టి, వ్రాతమూలముగా తెలియజేసి, చట్టప్రకారము ఖాళీ చేయించుకోండి. విధవరాలైన యజమానురాలి బియ్యము కూడ ఆ అద్దెలోనే ఉన్నదని అద్దెకున్నవారు మరువకూడదు.

అద్దెకున్న సహోదరులకు కూడ ఒక మాట. అపొస్తలుడైన పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె ఇంటిలోనే కాపురముండి, వచ్చినవారినందరిని చేర్చుకొని వాక్యము బోధించాడని అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయములో ఉంది. అద్దె ఇల్లని సేవ తగ్గలేదు. పరాయి గోడ గదా అని మేకులు కొట్టవద్దు. కుళాయి కారుతుంటే ఆ రోజే చెప్పండి. చెమ్మ చిన్నదిగా ఉన్నప్పుడే చూపించండి.

చివరకు అసలు యజమాని ఎవరు? లేవీయకాండము 25:23లో భూమి నాది, మీరు నా యొద్ద కాపురమున్న పరదేశులు అనే భావముతో దేవుడు తన ప్రజలతో మాట్లాడాడు. పట్టాదారు పాసుపుస్తకములో ఎవరి పేరున్నా, ఆయన ఎదుట మనమందరము అద్దెకున్నవారమే. మనకు ఆయన ఎంత ఓర్పుతో, ఎంత జాగ్రత్తతో గూడు ఇచ్చాడో, మన గూటిలోని వారికి మనము అలాగే ఇవ్వాలి.

ఈ నెల అద్దె చేతికి రాగానే దశమభాగము ప్రక్కన ఇంకొక కవరు పెట్టండి. దానిమీద ఇంటి వంతు అని వ్రాయండి. నూటికి 30 వెంటనే కుదరకపోతే 10తోనైనా మొదలుపెట్టండి. ఆ డబ్బుతో మొదట చేయించవలసిన పని ఏదో మీరే నిర్ణయించవద్దు. అద్దెకున్నవారి తలుపు తట్టి, ఆ ఇంటి ఇల్లాలిని అడగండి.

ప్రభువు మీ గృహములను, వాటిలో నివసించువారినందరిని కాపాడును గాక. ఆమేన్.